టేబుల్ ఫ్యాను కింద పుస్తకం

పోయిన సంవత్సరం మే నెలలో మా ఇంట్లో టేబుల్ ఫ్యాను చెడిపోయింది. కడపలో మే నెలలో ఫ్యాను చెడిపోవడం అంటే ఏమిటో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మెకానిక్ దగ్గరకి తీసుకుపోదామని ఎత్తితే, ఎత్తు చాలడం లేదని దాని కింద ఎప్పుడో పెట్టిన లావుపాటి పుస్తకం ఒకటి బయటపడింది. మీద గుండ్రంగా ఫ్యాను అడుగు మరక, చుట్టూ దుమ్ము. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఫండమెంటల్ రూల్స్, అంటే ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు రూల్సు పుస్తకం. డిపార్ట్‌మెంటల్ టెస్టు రాద్దామని 2018లో నేనే కొన్నాను.

"ఓహో, ఇక్కడుందా" అన్నాను మా ఆవిడ వినేలా. ఆమె ఏమీ అనలేదు. అది అక్కడుందని నాకు తెలుసని ఆమెకి తెలుసు. ఆరేళ్ళుగా రాత్రుళ్ళు దాని పక్కనే కదా పడుకుంటున్నాను.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగులకి ఏపీపీఎస్సీ డిపార్ట్‌మెంటల్ టెస్టులు పెడుతుంది. మామూలుగా ఏడాదికి రెండుసార్లు, మే సెషన్, నవంబరు సెషన్ అంటాం. సర్వీసు రూల్సు, ట్రెజరీ కోడ్, ఫైనాన్షియల్ కోడ్, పెన్షన్ లెక్కలు, ఇట్లాంటివి ఉంటాయి. ప్రమోషన్ లిస్టు కదిలిందంటే నాలాంటి జూనియర్ అసిస్టెంటుని మొదట అడిగే మాట "టెస్టులు అయినాయా?" అనే. అన్నిటికన్నా సిగ్గు పడాల్సిన సంగతేమిటంటే, వీటిలో కొన్ని పేపర్లు పుస్తకం దగ్గర పెట్టుకుని చూసి రాసేవి. చూసి రాసే పరీక్షని నేను ఆరేళ్ళు వాయిదా వేశాను.

రెండుసార్లు ఫీజు కూడా కట్టాను. హాల్‌టికెట్ తీసుకున్నాను. మొదటిసారి పరీక్ష రోజు పొద్దున "ఎట్లాగూ చదవలేదు, పోయి ఏం చేస్తా" అనుకుని ఇంట్లోనే కూర్చుని రెండు కారం దోశలు తిన్నాను. రెండోసారి చెప్పిన సాకు ఇంకా బాగుండింది, ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఈలోపు నా తర్వాత నాలుగేళ్ళకి ఆఫీసులో చేరిన అమ్మాయి టెస్టులన్నీ ముగించుకుని సీనియర్ అసిస్టెంట్ అయింది. సూపరింటెండెంట్ గారు సెలవు పెడితే ఆమే ఇన్‌చార్జి, నా ఫైలు ఆమె టేబుల్ మీదకే పోవాలి. ఆమె నన్ను ఇప్పటికీ "అన్నా" అనే పిలుస్తుంది. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఫ్యాను బాగై వచ్చాక దాని కింద ఇటుక పెట్టి, పుస్తకం తుడిచి, ఈసారి గట్టిగా నిర్ణయం తీసుకున్నాను. మా కూతురి దగ్గర స్కెచ్ పెన్నులు అడిగి టైం టేబుల్ గీశాను. పొద్దున నాలుగింటికి లేవడం ఎర్ర రంగు, చదువు ఆకుపచ్చ, వాకింగ్ నీలం, ఆదివారం రివిజన్ వంకాయ రంగు. గంటన్నర పట్టింది గీయడానికి, ఎంత తృప్తిగా ఉందంటే సగం పరీక్ష రాసేసినట్టే అనిపించింది. మొదటి రోజు నాలుగింటికి నిజంగానే లేచాను. టీ పెట్టుకుని, ఎట్లా చదవాలో ఒకసారి చూద్దామని ఫోను తీశాను. పొద్దున్నే లేచి జీవితాన్ని మార్చుకోవడం గురించి ఒకాయన అరిచి అరిచి చెప్తున్నాడు, అట్లాంటివి వరసగా ఆరు చూశాను, ఐదున్నరకి కళ్ళు మంటలు పుట్టి మళ్ళీ పడుకున్నాను. రెండో రోజు అలారం ఆపేశాను. మూడో రోజు మా ఆవిడ తరఫు వాళ్ళ పెళ్ళి. నాలుగో రోజు నుంచి ఆ కాగితం బీరువా తలుపుకి ఊరికే వేలాడుతూ ఉండేది, ఉగాది అయిపోయిన తర్వాత మామిడాకుల తోరణం మాదిరి.

ఆ వీడియోల మీద నాకు కోపం ఇంకా పోలేదు. వాటిని చూస్తుంటే పని చేస్తున్నట్టే ఉంటుంది. అదే వాటిలోని మోసం.

ఈ పరీక్ష సంగతి ఇంత కాలం ఎందుకు సాగింది అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. బద్ధకం అని ఒక్క మాటలో తేల్చేస్తారు అందరూ. నేను మరీ బద్ధకస్తుణ్ణి కాదే. బిల్లులు రాత్రి పదింటి దాకా కూర్చుని చేస్తాను, ఊర్లో ఎవరికి ఆస్పత్రి పని పడినా సెలవు పెట్టి తిరుగుతాను, ఇంటికి సున్నం కూడా నేనే వేసుకుంటాను. మరి ఈ ఒక్క పుస్తకం దగ్గర ఏమవుతోంది? ఒక రోజు కావాలనే గమనించాను. ప్లాస్టిక్ కవరు చింపి పుస్తకం తెరిచాను. ఇంగ్లీషు. ఒక్కో వాక్యం సగం పేజీ ఉంది, మధ్యలో 'ప్రొవైడెడ్ దట్' అని రెండుసార్లు మెలిక తిరిగింది. పదో తరగతి, ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, కారుణ్య నియామకంలో మా నాయన పోయాక ఉద్యోగంలో చేరినవాణ్ణి. మొదటి వాక్యం అయ్యేసరికి కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. 'నీకు రాదు ఇది. నువ్వు సొంతంగా తెచ్చుకున్న ఉద్యోగమా ఇది?' అని ఎవరో అన్నట్టు. ఇదంతా నిమిషం కూడా పట్టలేదు. చెయ్యి దానంతట అదే ఫోను మీదకి పోయింది, ఫోను తీయగానే కడుపులో మెలి సర్దుకుంది.

ఆరేళ్ళ వాయిదా అంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉంది. నేను తప్పించుకుంటున్నది చదువు నుంచి కాదు, ఆ మెలి నుంచి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదని తర్వాత తెలిసింది. 2013లో ఫ్యూషియా సిరోయిస్, టిమతీ పిచిల్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే రాశారు. వాయిదా వేసే మనిషి ముందు తన మనసుని ఆ నిమిషానికి బాగు చేసుకుంటాడు, ఆ బిల్లు రేపటి మనిషి కడతాడు, టూకీగా వాళ్ళు చెప్పేది అది. నాకు ఇంకా నచ్చింది జార్జి అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త సంగతి. ఆయన ఒకప్పుడు ఒక ఏడాది మన దేశంలో ఉన్నాడు. చూడడానికి వచ్చిన స్నేహితుడు జోసెఫ్ స్టిగ్లిట్జ్ బట్టల పెట్టె ఒకటి ఇక్కడే వదిలిపోయాడు, దాన్ని అమెరికాకి పంపాలి. పంపాలంటే ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఒక రోజంతా పోతుందని ఈయన లెక్క. (ఆ లెక్కని తప్పు పట్టలేను, నేనూ అట్లాంటి ఆఫీసులోనే పని చేస్తాను.) 8 నెలలకి పైగా ప్రతి పొద్దునా లేచి 'రేపు పంపిద్దాం' అనుకున్నాడట. చివరికి ఇంకో స్నేహితుడు సామాను పంపుతుంటే అందులో కలిపేశాడు. 1991లో అచ్చయిన పేపరులో ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. ఈ రోజు పడే కష్టం కళ్ళ ముందు పెద్దదిగా కనిపిస్తుంది, ఒక్క రోజు ఆలస్యానికి పోయేది ఏమీ లేదనిపిస్తుంది, ఆ ఏమీ లేనివన్నీ కలిసి ఎనిమిది నెలలవుతాయి. పెట్టె పంపనాయనకీ పెట్టె వదిలిపోయినాయనకీ 2001లో ఇంకొకాయనతో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు, అది వేరే విషయం.

మా చిన్నప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు, గుర్తుందా? రాత్రి దెయ్యం వస్తుంది, అది చదువుకుంటుంది, సరే రేపు వద్దాంలే అని వెళ్ళిపోతుంది, మరుసటి రాత్రి మళ్ళీ అంతే. అప్పుడు దెయ్యం ఎంత తెలివితక్కువదో అని నవ్వుకునేవాళ్ళం. నా పుస్తకమూ ఆ దెయ్యం మాదిరే ఆరేళ్ళు మర్యాదగా వెనక్కి పోయింది.

దసరాకి ఊరికి పోయాను. జమ్మలమడుగు వైపు మాది, నల్లరేగడి నేల. మా చిన్నాయన శనగ వేస్తాడు. అప్పటికి వానలు పడి నాలుగు రోజులైంది, చుట్టుపక్కల కొందరు విత్తనం మొదలుపెట్టారు కూడా, ఈయన మాత్రం పొద్దున్నే చేనికి పోయి వస్తున్నాడు తప్ప విత్తనం వేసే గొర్రు కట్టడం లేదు. నేనూ వెంట పోయాను.

"ఏం చిన్నాయనా, అందురూ విత్తుతాండారు, నువ్వేంది ఇంకా?"

"పదును రాల్యా."

వంగి పిడికెడు మట్టి తీసుకుని గట్టిగా పిసికాడు. ఉండ అయింది. నడుము ఎత్తు నుంచి వదిలేశాడు. అది నేల మీద పిండి ముద్ద మాదిరి అతుక్కుంది. "ఇంగా తడి ఎక్కువుండాది. ఇప్పుడు తోల్తే మట్టి అంటుకోని గొర్రు మెదల్దు, గింజ గూడా కుళ్ళిపోతాది" అన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే చేశాడు. ఈసారి ఉండ నేలకి తగలగానే పుట్నాల పిండి మాదిరి పొడిపొడిగా విడిపోయింది. "ఇంగ ఈ పొద్దే. ఆలిస్యం జేస్తే పైన ఆరిపోతాది" అని అక్కడి నుంచే ఫోను చేసి మనుషుల్ని పిలిచాడు.

ఆ మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తింటుంటే అడిగాడు. "ఏమిరా, నీ పరీక్ష యాడికొచ్చె?"

"చదవాల చిన్నాయనా. కొంచెం టైం కుదరాల, మనసు గూడా దాని మిందికి రావాల గదా."

"అంటే పదును రావాలంటావు."

"ఆ, అంతే."

సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "మల్ల దానికి యా మట్టి పిసికి జూస్తావురా?" అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆగడానికి ఒక పరీక్ష ఉంది, రోజూ చేను దాకా నడిచి పోయి చూసి వస్తాడు, వచ్చిందని తెలిసిన గంటలో పని మొదలుపెడతాడు. నేను చేను దాకా పోనే పోవడం లేదు, ఇంట్లో పడుకుని ఇంకా పదును రాలేదంటున్నాను. పైగా ఉద్యోగస్తుడి మనసుకి పదును వచ్చే కాలం ఏది? మార్చిలో బడ్జెట్ పని, ఏప్రిల్‌లో అమ్మాయి పరీక్షలు, మేలో ఎండ, వానాకాలంలో ఊరి పనులు.

తిరిగి వచ్చాక టైం టేబుల్ చింపేశాను. ఒక్కటే పెట్టుకున్నాను. రాత్రి అన్నం తిని, నా కంచం నేను కడిగి, చెయ్యి తుడుచుకున్న వెంటనే వంటింటి పక్క గదిలో కూర్చోవాలి. ఇరవై నిమిషాలు. తొమ్మిదింటికి అని పెట్టుకోలేదు, ఎందుకంటే తొమ్మిది అనేది ఊరికే వచ్చి ఊరికే పోతుంది, కంచం మాత్రం కడగకుండా తప్పదు. పీటర్ గోల్విట్జర్ అనే ఆయన 1999లో దీని గురించే రాశాడని తర్వాత చదివాను. 'చదవాలి' అని ఉత్తగా అనుకునే వాళ్ళకన్నా, 'ఫలానాది జరిగిన వెంటనే ఫలానా చోట ఇది చేస్తా' అని ముడి వేసుకున్నవాళ్ళు ఎక్కువగా చేసి చూపిస్తారట. మా ఇంట్లో ఆ ముడి స్టీలు కంచానికి పడింది.

ఫోను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. బీరువాలో పెడితే తాళం నా దగ్గరే ఉంటుంది. పక్క గదిలో పెడితే లేచి పోతాను. చివరికి బియ్యం డ్రమ్ములో వేశాను. మూత గట్టిగా ఉంటుంది, తీస్తే చప్పుడవుతుంది, చప్పుడైతే మా ఆవిడ "ఇంత రేత్రి బియ్యం ఎందుకు?" అంటుంది. ఆ సిగ్గు చాలు నాకు. ఛార్జింగ్ రంధ్రంలో నూకలు ఇరుక్కుని ఒకసారి షాపు వాడికి వంద రూపాయలు ఇచ్చాను, అదొక్కటే నష్టం.

మొదటి రాత్రి ఏం చేశానో చెప్తే నవ్వుతారు. పాత క్యాలెండరు కాగితంతో పుస్తకానికి అట్ట వేశాను. పేరు రాశాను. ఇరవై నిమిషాలు అయిపోయాయి, లేచి పడుకున్నాను. రెండో రాత్రి తొమ్మిదో రూలు, నిర్వచనాలు. అందులో పదమూడోది 'లియన్'. విన్నప్పుడల్లా నన్ను తరిమిన మాటల్లో అదొకటి. నెమ్మదిగా నాలుగుసార్లు చదివితే, ఒక మనిషికి తన పర్మనెంట్ పోస్టు మీద ఉండే హక్కు, అంతే. మా పక్కింటాయన గల్ఫ్ పోతూ ఇంటికి తాళం వేసి పోయాడు, ఇల్లు ఆయనదే కదా. కడుపులో మెలి తిరిగింది, కాదనను. కానీ చెయ్యి పోయి పడడానికి అక్కడ ఫోను లేదు. నాలుగైదు నిమిషాలు ఓపిక పడితే దానంతట అదే తగ్గిపోతుందని మొదటిసారి తెలిసింది. అంతకు ముందు తగ్గే దాకా ఎప్పుడూ ఆగి చూడలేదు.

ఇరవై రెండో రూలు, జీతం ఫిక్సేషన్, దగ్గర బండి ఆగిపోయింది. వారం రోజులు తిప్పలు పడి, చివరికి సిగ్గు విడిచి ఆఫీసులో ఆ అమ్మాయినే అడిగాను. ఆమె టీ కొట్టు బిల్లు వెనక్కి తిప్పి, "అన్నా, నీ ఎస్సార్ తీసుకురా, నీ జీతంతోనే చేద్దాం" అంది. నా సర్వీసు రిజిస్టరు తెచ్చి, నేను చేరిన రోజు బేసిక్ ఎంత, ఇంక్రిమెంట్ ఏ నెలలో, నాకు ప్రమోషన్ వస్తే ఎక్కడ ఫిక్స్ అవుతుంది అని పది నిమిషాల్లో వేసి చూపించింది. నా డబ్బు అనేసరికి రూలు ఎంత చక్కగా అర్థమైందో! ఇంత మంచి మనిషి మీద మూడేళ్ళు లోపల్లోపల మండిపోయాను.

ఇక్కడ ఒకటి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. నేను ఇట్లా కూర్చోవడం మొదలుపెట్టిన పదో రోజో ఏమో, గిన్నెలు తోముతూ, "మీకు ఇరవై నిమిషాలు దొరికినాయి సరే, నాకెవరిస్తారు?" అంది. ఆమె స్కూటీ నేర్చుకోవాలని మూడేళ్ళుగా అంటోంది, నేనే 'చూద్దాంలే' అంటున్నాను. నా పనే కాదు, ఆమె పని కూడా నేనే వాయిదా వేస్తున్నానన్నమాట. క్రమశిక్షణ గురించి పెద్దగా మాట్లాడే మగవాళ్ళలో చాలామంది ఇంట్లో గిన్నెలు ఎవరో తోముతుంటారు. ఇప్పుడు ఆదివారం పొద్దున ఎండ రాకముందే ఖాళీగా ఉండే రోడ్డు మీద బండి వెనక పరిగెత్తేది నేనే. ఆ వాకింగ్ నీలం రంగు గడి కూడా ఇట్లా నిండింది.

మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాల ప్యాకెట్ల లెక్క రాస్తారు. ఆ అంకె పక్కనే, కూర్చున్న రోజు ఒక చుక్క పెట్టేవాణ్ణి. మాఘ మాసం దాకా బాగానే సాగింది. దేవుని కడప బ్రహ్మోత్సవాలకి చుట్టాలు వచ్చారు, రథం చూడడానికి వచ్చినవాళ్ళు నాలుగు రోజులు ఉన్నారు, వాళ్ళు పోగానే అమ్మాయికి జ్వరం. ఎనిమిది రోజులు చుక్క లేదు. పాత నేనైతే అక్కడితో ఆగిపోయేవాణ్ణి. ఎట్లాగూ తెగింది కదా, ఉగాది నుంచి కొత్తగా మొదలుపెడదాం అనేవాణ్ణి. ఆ 'కొత్తగా' అనే మాట నన్ను ముంచినంతగా ఫోను కూడా ముంచలేదు.

మేముండే ఎర్రముక్కపల్లిలోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఎనిమిది రోజుల గండి పడిన తర్వాత ఒక సాయంత్రం అక్కడ కూర్చున్నాను. బ్రౌన్ దొర గురించి బళ్ళో చదువుకున్నదే, మన కడపలో తోట, బంగళా కొని, సొంత జీతంతో పండితుల్ని పెట్టుకుని తెలుగు గ్రంథాలకి ప్రతులు రాయించాడని. కానీ ఆ రోజు సంవత్సరాలు లెక్కేసుకున్నాను. 1820లో కడపకి వచ్చాడు, వేమన పద్యాల మీద 1824లో మనసు పడింది, 1829లో పుస్తకం వచ్చింది, నిఘంటువు వచ్చేసరికి 1852. మధ్యలో 1834లో ఉద్యోగం పోయింది, ఇంగ్లాండుకి పోయి 1837లో తిరిగి వచ్చాడు. అంత గండి పడినా ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టలేదు, ఆపిన చోటే అందుకున్నాడు. అట్లాంటాయనతో నాకు పోలికా అంటే లేదు, నాది డిపార్ట్‌మెంటల్ టెస్టు. అయినా ఆ రాత్రి కంచం కడిగి కూర్చున్నాను.

లండన్‌లో ఫిలిపా లాలీ అనే ఆమె బృందం 96 మందిని గమనించి చెప్పిన లెక్క ఒకటుంది. ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టిందట, కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చని వాళ్ళ అంచనా. ఇరవై ఒక్క రోజులు చాలని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి ఇరవై రెండో రోజు నన్ను నేను తిట్టుకున్నవాణ్ణి, అందుకే ఆ 254 చూసి ప్రాణం లేచి వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా వాళ్ళే తేల్చారు. తిట్టుకోవడం గురించి కూడా ఒకటుంది. 2010లో కెనడాలో కాలేజీ పిల్లల మీద చూస్తే, మొదటి పరీక్షకి చదవకుండా వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారట. ఇది మా నాయన ఉంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయన లెక్కలో తిట్టుకి మించిన మందు లేదు.

మే సెషన్‌లో రెండు పేపర్లు రాశాను. కంప్యూటర్ ముందు కూర్చుని, పక్కన క్యాలెండరు అట్ట వేసిన పుస్తకం, దానికి నేను అంటించిన రంగు కాగితం ముక్కలు. నా పక్కన కుర్రాడి పుస్తకం కొత్తది, పేజీలు అతుక్కుని ఉన్నాయి, పాపం తెగ తిప్పుతున్నాడు. ఆరేళ్ళ కిందటి నన్ను చూసినట్టుంది, అయినా వాడు వచ్చాడు కదా, దోశలు తింటూ ఇంట్లో కూర్చోలేదు. ఒక పేపరు పాసయ్యాను. రెండోది పోయింది, మరీ దారుణంగా కాదు, దగ్గర్లో పోయింది. రిజల్టు చూసిన రాత్రి కూర్చోలేదు. మరుసటి రాత్రి కూర్చున్నాను.

మిగిలిన పేపరు నవంబరులో ఉంది. గ్యాస్ కనెక్షన్‌కి అడ్రసు మార్చే కాగితం మాత్రం మూడేళ్ళుగా డ్రాయర్లో అట్లాగే పడి ఉంది, దాని సంగతి అడగొద్దు.

నిన్న రాత్రి కంచం కడిగి కూర్చున్న కాసేపటికి బియ్యం డ్రమ్ములో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మా ఆవిడే మూత తీసి, నూకలు దులిపి తెచ్చి ఇచ్చింది. చిన్నాయన. మూడు రోజులుగా ఊర్లో వాన, ఈ పొద్దు సాయంత్రం మట్టి పిసికి చూశాడట, రేపటికి సరిపోతుందట, మనుషులు దొరకడం లేదు, రెండు రోజులు సెలవు పెట్టి రమ్మన్నాడు. పొద్దున ఐదున్నర బస్సుకి పోవాలి. లుంగీ, తువ్వాలతో పాటు పుస్తకం కూడా సంచిలో పెట్టాను. అక్కడ తీస్తానో లేదో తెలీదు. మా ఊర్లో కంచాలు పిన్నమ్మ కడుగుతుంది, నన్ను ముట్టుకోనియ్యదు.